మల్టీఫోకల్ లెన్సుల రూపకల్పన: తరచుగా అడిగే ప్రశ్నలు

చత్వారం వచ్చినవారు కళ్లజోళ్ల దుకాణంలోనో కంటి ఆసుపత్రిలోనో మల్టీఫోకల్ లెన్సు గురించి అడిగితే, ధర, బ్రాండు తప్ప వేరే వివరం పెద్దగా అందదు. ఆ లెన్సు ఉపరితలాన్ని ఏ లెక్కతో తీర్చిదిద్దుతారో, ఎక్కడ ఏది వదులుకుంటారో కొంతైనా తెలిస్తే, తమ కంటికీ పనికీ ఏది సరిపోతుందో నిలదీసి అడిగే వీలుంటుంది. ఆ ఉద్దేశంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

నలభై ఐదేళ్లు వచ్చేసరికి ఒకే పవర్ ఉన్న అద్దం ఎందుకు చాలదు?

కటకం శక్తిని, అంటే పవర్‌ను, డయాప్టర్లలో కొలుస్తారు: ఒకటిని మీటర్లలో చెప్పిన దూరంతో భాగిస్తే ఆ దూరానికి కావలసిన డయాప్టర్లు వస్తాయి. మన కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు. అందులో దాదాపు 43 డయాప్టర్లు కంటి ముందుభాగమైన కార్నియాది. అది చూపుతోపాటు మారదు. మారేది లోపలి సహజ కటకం. దగ్గరి వస్తువును చూసేటప్పుడు సిలియరీ కండరం బిగుసుకుంటుంది, కటకాన్ని పట్టి ఉంచిన సన్నని తంతువులు వదులవుతాయి, కటకం ఉబ్బి శక్తి పెరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కటకం గట్టిపడి ఈ ఉబ్బే గుణం తగ్గుతుంది. సగటు లెక్కకు హాఫ్‌స్టెటర్ సూత్రం ఒకటుంది: వయసును 0.3తో గుణించి, వచ్చినదాన్ని 18.5 నుంచి తీసివేస్తే మిగిలినది కంటి సర్దుబాటు శక్తి. ఆ లెక్కన పదేళ్ల పిల్లవాడికి 15.5 డయాప్టర్లు, 45 ఏళ్లకు 5, 60 ఏళ్లకు అర డయాప్టరు.

40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవడానికి 2.50 డయాప్టర్లు కావాలి. ఉన్న శక్తిలో సగానికి మించి వాడితే కన్ను ఎక్కువసేపు ఓర్చుకోదు. 45 ఏళ్లవారికి ఉన్న 5లో సగం సరిగ్గా 2.50 కనుక, ఆ వయసు దాటగానే పేపరును కాస్త దూరంగా పట్టుకోవడం మొదలవుతుంది. దూరానికి ఒక పవర్, దగ్గరకు ఇంకొక పవర్ అవసరమైనప్పుడు ఆ రెంటినీ, వాటి నడుమ ఉన్నవాటినీ ఒకే లెన్సులో ఇమిడ్చే ప్రయత్నమే మల్టీఫోకల్ రూపకల్పన.

చీటీలో రాసే ‘యాడ్’ వయసును బట్టి ఉంటుందా, పనిని బట్టి ఉంటుందా?

యాడ్ అంటే దగ్గరచూపు కోసం దూరచూపు పవర్‌కు అదనంగా కలిపే పవర్. అది రెంటినీ బట్టి ఉండాలి. వయసు పట్టిక చూసి యాడ్ రాసివ్వడం తొందర వైద్యం అని నా అభిప్రాయం. కంటిలో ఒక డయాప్టరు సర్దుబాటు మిగిలిన వ్యక్తిని తీసుకుందాం. అందులో సగం, అంటే అర డయాప్టరు, హాయిగా వాడుకోగలడు. పుస్తకం 40 సెంటీమీటర్లలో ఉంటే అతనికి కావలసిన యాడ్ 2.00. రోజంతా 65 సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటర్ తెర చూసేవాడైతే ఆ పనికి 1.00 సరిపోతుంది. నగను 25 సెంటీమీటర్లకు తెచ్చుకొని రాళ్లు పొదిగే కంసాలి అయితే 3.50 కావాలి. అదే వయసు, అదే కన్ను, మూడు వేర్వేరు పవర్లు. మగ్గం వర్క్ చేసేవారు, దర్జీలు, చిన్న యంత్రాలు బాగుచేసేవారు పరీక్షకు వెళ్లేముందు తాము పనిచేసే దూరాన్ని టేపుతో కొలుచుకొని వెళ్లడం మంచిది. కొలత చెబితే పరీక్షించేవారు కాదనరు.

బైఫోకల్‌లో గీత దగ్గర బొమ్మ ఎగిరినట్టు ఎందుకు కనిపిస్తుంది?

రెండు పవర్ల అద్దాలను సగం సగం కోసి ఒకే ఫ్రేములో బిగించుకున్న సంగతిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో రాసిన ఒక ఉత్తరంలో వివరించాడు. ఆ ఆలోచన ఇప్పటికీ మన దుకాణాల్లో రెండు రూపాల్లో కనబడుతుంది: గుండ్రని చిన్న భాగం ఉన్న క్రిప్టాక్, పైఅంచు తిన్నగా ఉన్న డి-బైఫోకల్.

లెన్సు మధ్యబిందువుకు దూరంగా చూసినప్పుడు అది కొంత పట్టకంలాగా పనిచేసి బొమ్మను జరుపుతుంది. ఎంత జరుపుతుందో ప్రెంటిస్ సూత్రం చెబుతుంది: సెంటీమీటర్లలో ఆ దూరాన్ని పవర్‌తో గుణించాలి. క్రిప్టాక్‌లో దగ్గరచూపు భాగం వ్యాసం 22 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని మధ్యబిందువు పైఅంచుకు 11 మిల్లీమీటర్ల కింద ఉంటుంది. యాడ్ 2.00 అయితే చూపు గీత దాటిన క్షణంలో 2.2 ప్రిజమ్ డయాప్టర్ల ఎగురు (ఒక ప్రిజమ్ డయాప్టరు అంటే మీటరు దూరంలో బొమ్మ ఒక సెంటీమీటరు జరగడం). డి ఆకారంలో ఆ మధ్యబిందువు పైఅంచుకు సుమారు 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి ఎగురు 1.0కి తగ్గుతుంది. డి-బైఫోకల్‌కు అలవాటు పడటం తేలిక కావడానికి కారణం ఇదే. చూడటానికి గీత ఎక్కువగా కనబడినా వాడుకకు అదే మెరుగైనది.

ప్రోగ్రెసివ్ లెన్సు ఎప్పుడు వచ్చింది?

పవర్ క్రమంగా పెరిగే లెన్సుకు బ్రిటన్‌లో ఓవెన్ ఏవ్స్ 1907లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ అలాంటి ఉపరితలాన్ని పరిశ్రమ స్థాయిలో చెక్కే యంత్రం అప్పట్లో లేదు. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెటెనాజ్ అనే ఇంజనీరు ఆ పని సాధించాక, 1959లో వారిలక్స్ పేరుతో అది బజారుకు వచ్చింది. 1972లో వచ్చిన వారిలక్స్ 2లో పక్కల వంకరతనాన్ని ఇంకాస్త మృదువుగా పరిచారు. అంటే మొదటి పేటెంటుకూ మొదటి విజయానికీ మధ్య అరశతాబ్దం గడిచింది. ఈ రంగంలో లెక్క కంటే తయారీయే ఎప్పుడూ వెనకబడి ఉండేది.

ఇంత ఖరీదు పెట్టినా పక్కల మసకగా, వంకరగా కనిపిస్తుంది. అది నాసిరకం వల్లనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఏ బిందువు దగ్గర చూసినా, ఏ దిశలో కొలిచినా వక్రత సమానంగా ఉండే ఉపరితలం గోళం ఒక్కటే. సమతలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే రెండు. కానీ గోళంలో వక్రత అంతటా ఒక్కటే, అంటే పవర్ ఎక్కడా మారదు. పైనుంచి కిందికి పవర్ మారాలంటే ఆ ఉపరితలం గోళం కాకూడదు. గోళం కానప్పుడు ఎక్కడో ఒకచోట అడ్డంగా ఒక వక్రత, నిలువుగా ఇంకొక వక్రత ఉండక తప్పదు. ఆ తేడానే ఆస్టిగ్మాటిజం, దుకాణం భాషలో సిలిండరు. దీన్ని ఏ కంపెనీ కూడా తొలగించలేదు, జ్యామితి ఒప్పుకోదు.

ఎంత వస్తుందో కూడా లెక్క ఉంది. జర్మన్ గణితవేత్త గుంటర్ మింక్‌విట్జ్ 1963లో నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, లెన్సు మధ్యగా పైనుంచి కిందికి దిగే స్పష్టమైన గీత వెంట పవర్ ఎంత వేగంగా పెరుగుతుందో, ఆ గీతకు పక్కగా ఆస్టిగ్మాటిజం అంతకు రెట్టింపు వేగంతో పెరుగుతుంది. యాడ్ 2.00 అనుకుందాం. అది 14 మిల్లీమీటర్ల పొడవున పెరిగితే ప్రతి మిల్లీమీటరుకు సుమారు 0.14 డయాప్టరు. పక్కకు రెట్టింపు, అంటే 0.29. అర డయాప్టరు సిలిండరును చాలామంది పట్టించుకోరు. కాబట్టి నడిమి గీతకు అటు 1.75, ఇటు 1.75, మొత్తం మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పే స్పష్టమైన దారి. యాడ్ 1.00 ఉన్నవారికి అదే దారి 7 మిల్లీమీటర్లు. చత్వారం మొదలైన కొత్తలో ప్రోగ్రెసివ్ పెట్టుకున్నవారు సులభంగా అలవాటుపడి, అరవైకి దగ్గరపడ్డాక మొదటిసారి పెట్టుకున్నవారు ఇబ్బంది పడటానికి వెనక ఉన్న లెక్క ఇది. నడిమి గీతకు దూరంగా వెళ్లేకొద్దీ ఈ సిద్ధాంతం ఉజ్జాయింపుగానే వర్తిస్తుంది, అక్కడే రూపకర్తకు కొంత స్వేచ్ఛ దొరుకుతుంది.

మరి ఒక డిజైన్‌కూ ఇంకొకదానికీ తేడా ఏమిటి?

తప్పని మసకను ఎక్కడ పెట్టాలన్నదే తేడా. దాన్ని చిన్నచోట గట్టిగా పోగుచేస్తే దూరచూపు, దగ్గరచూపు భాగాలు విశాలంగా మిగులుతాయి, కానీ ఆ సరిహద్దు దాటగానే దృశ్యం ఒక్కసారిగా చెదురుతుంది. దీన్ని హార్డ్ డిజైన్ అంటారు. పలుచగా లెన్సంతా పరిస్తే ఎక్కడా పెద్ద కుదుపు ఉండదు, కానీ పూర్తి స్పష్టత ఉన్న వైశాల్యం తగ్గుతుంది. ఇది సాఫ్ట్ డిజైన్. రోజంతా చదివే న్యాయవాదికి మొదటిది, నడుస్తూ తిరుగుతూ పనిచేసే వ్యక్తికి రెండోది సాధారణంగా నప్పుతాయి. పాత జోడులో ఏ రకానికి అలవాటుపడ్డారన్నది కూడా ముఖ్యమే. హార్డ్ డిజైన్‌తో ఏళ్లు గడిపినవారికి ఖరీదైన సాఫ్ట్ డిజైన్ ఇచ్చినా వారు తృప్తిపడకపోవచ్చు.

రెండో నిర్ణయం కారిడార్ పొడవు, అంటే దూరచూపు నుంచి దగ్గరచూపుకు పవర్ మారే దారి ఎంత పొడవుండాలన్నది. 14కు బదులు 18 మిల్లీమీటర్లు ఇస్తే, పై లెక్కలోనే స్పష్టమైన దారి మూడున్నర నుంచి నాలుగున్నర మిల్లీమీటర్లకు పెరుగుతుంది. దానికి చెల్లించే మూల్యం మెడ మీద, కంటి మీద పడుతుంది. కన్ను తిరిగే కేంద్రం లెన్సుకు సుమారు 27 మిల్లీమీటర్ల వెనక ఉంటుంది. 14 మిల్లీమీటర్ల కిందికి చూడటానికి కన్ను దాదాపు 27 డిగ్రీలు దిగాలి, 18 మిల్లీమీటర్లకైతే దాదాపు 34 డిగ్రీలు. గంటల తరబడి అంత కిందికి చూస్తూ చదవడం ఎవరికీ సుఖం కాదు. పైగా ఎత్తు తక్కువైన ఫ్యాషన్ ఫ్రేములో పొడవైన కారిడార్ పట్టదు. దగ్గరచూపు భాగం కింద కోతలో పోతుంది. అందుకే ఫ్రేమును ముందే కొనేసి తరువాత లెన్సు గురించి ఆలోచించడం తప్పు వరస.

కంప్యూటర్ ఈ ఉపరితలాన్ని ఎలా తేలుస్తుంది?

లెన్సును వేల బిందువులుగా విడగొట్టి, ప్రతి బిందువు దగ్గర ఉండవలసిన పవర్ ఎంత, సహించగల ఆస్టిగ్మాటిజం ఎంత అని లక్ష్యాలు నిర్ణయిస్తారు. ఏ బిందువు ఎంత ముఖ్యమో తెలిపే బరువులు ఇస్తారు: నడిమి దారికి ఎక్కువ, కణత వైపు అంచుకు తక్కువ. ఆ తరువాత ఉపరితలాన్ని గణితరూపంలో కొద్దికొద్దిగా మారుస్తూ, లక్ష్యాల నుంచి వచ్చే తేడాల మొత్తం వీలైనంత తగ్గేవరకు లెక్క నడుపుతారు. మంచి రూపకర్త నేర్పంతా ఆ బరువులు ఎంచడంలోనే ఉంది. యంత్రం ఎన్ని లెక్కలు చేసినా, మనిషి ఎక్కడ చూస్తాడో, ఏది భరిస్తాడో ఎవరో ఒకరు గమనించి చెప్పాలి.

ఫ్రీఫాం అన్న పేరుకు అర్థం ఉందా, లేక అది ప్రచారమా?

అర్థం ఉంది, పరిమితీ ఉంది. పూర్వపు పద్ధతిలో ప్రోగ్రెసివ్ ఉపరితలాన్ని అచ్చులో పోసి ముందువైపు తయారుచేసేవారు. ఐదు బేస్ కర్వులు (లెన్సు ముందువైపు మూల వంపులు), 0.75 నుంచి 3.50 వరకు పావు డయాప్టరు తేడాతో 12 యాడ్లు, కుడి ఎడమ కళ్లు అనుకుంటే ఒక డిజైన్‌కు 120 అచ్చులు కావాలి. ఒక బేస్ కర్వు పరిధిలోని ఎన్నో పవర్లకు ఒకే అచ్చు సర్దుకోవలసి వచ్చేది; ప్రయోగశాలలో వెనకవైపు గోళం, సిలిండరు మాత్రమే చెక్కేవారు. ఫ్రీఫాంలో వజ్రపు మొనతో కంప్యూటరు నడిపే యంత్రం ప్రతి లెన్సునూ ఆ వ్యక్తి పవర్‌కు, సిలిండరు కోణానికి, ఫ్రేము వాలుకు తగినట్టు విడిగా చెక్కుతుంది. సిలిండరు ఎక్కువ ఉన్నవారికి, పవర్ ఎక్కువ ఉన్నవారికి దీని లాభం స్పష్టంగా తెలుస్తుంది. పవర్ తక్కువై, సిలిండరు లేనివారికి తేడా చాలా స్వల్పం. మింక్‌విట్జ్ సూత్రం మాత్రం ఫ్రీఫాంకు కూడా అంతే వర్తిస్తుంది. ‘పక్కల మసక అసలు ఉండదు’ అని చెప్పేవారి మాట నమ్మవద్దు.

దుకాణంలో ఏ కొలతలు తప్పనిసరిగా తీయాలి?

రెండు కళ్లకూ విడివిడిగా పీడీ, అంటే ముక్కు మధ్య నుంచి ఒక్కొక్క కంటిపాపకు ఉన్న దూరం. మొత్తం 62 వచ్చిందని చెరి 31 రాసుకోవడం సరికాదు. 30, 32 అయిన ముఖాలు చాలానే ఉంటాయి, మూడున్నర మిల్లీమీటర్ల దారిలో ఒక మిల్లీమీటరు తప్పితే మూడో వంతుకు దగ్గరగా పోయినట్టే. రెండోది ఫిట్టింగ్ ఎత్తు: ఎంచుకున్న ఫ్రేమును ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టి, మనిషి తిన్నగా ఎదురుగా చూస్తుండగా కంటిపాప మధ్య నుంచి ఫ్రేము అడుగు అంచు వరకు కొలవాలి. కొలిచే వ్యక్తి కళ్లు మీ కళ్ల ఎత్తులోనే ఉండాలి. ఆయన నిలబడి, మీరు కూర్చుంటే కొలత తప్పుతుంది. ఫ్రీఫాం కొన్నవారికి వీటితోపాటు ఫ్రేము వాలు, ముఖానికి అది తిరిగిన వంపు, కంటికీ లెన్సుకూ మధ్య దూరం కూడా తీయాలి. ఆ మూడూ తీయకుండా వ్యక్తిగత డిజైన్ అని అమ్మితే, సగటు మనిషి కొలతలతో చేసిన లెన్సుకు ప్రత్యేక ధర కట్టినట్టవుతుంది.

ఖరీదైన డిజైన్‌ను తప్పుగా అమర్చినదానికంటే, సాధారణ డిజైన్‌ను సరిగ్గా అమర్చినది ఎప్పుడూ మేలు.

రెండు కళ్ల పవర్‌లో తేడా ఎక్కువ ఉంటే?

జాగ్రత్త కావాలి. కుడికంటికి మైనస్ 1.00, ఎడమకంటికి మైనస్ 4.00 ఉన్నవారు చదవడానికి మధ్యబిందువుకు ఒక సెంటీమీటరు కిందికి చూస్తే, ప్రెంటిస్ సూత్రం ప్రకారం రెండు కళ్ల బొమ్మల మధ్య నిలువుగా 3 ప్రిజమ్ డయాప్టర్ల తేడా వస్తుంది. నిలువు తేడాను కళ్లు అంత తేలికగా కలుపుకోలేవు. తలనొప్పి, రెండుగా కనబడటం మొదలవుతాయి. ఇలాంటివారికి చిన్న కారిడార్ గానీ, చదువుకు విడిగా ఇంకో జోడు గానీ ఆలోచించాలి.

మెట్లు దిగేటప్పుడు తూలినట్టు ఉంటోంది, ఏం చేయాలి?

నిలబడినప్పుడు నేల కంటికి సుమారు మీటరున్నర దూరంలో ఉంటుంది. లెన్సు అడుగుభాగంలో యాడ్ 2.00 ఉంటే దానిగుండా అర మీటరు దూరం వరకే స్పష్టత. అందువల్ల మెట్ల అంచు మసకబారుతుంది. కళ్లు దించకుండా గడ్డం దించి, లెన్సు పైభాగం నుంచి మెట్టును చూడాలి. తరచుగా బయట తిరిగే పెద్దవారికి, ముఖ్యంగా ఇదివరకే ఒకసారి పడినవారికి, బయటికి వెళ్లేటప్పుడు దూరచూపు మాత్రమే ఉన్న జోడు పెట్టుకోమని చెప్పడం మంచిది.

మల్టీఫోకల్ కాంటాక్ట్ లెన్సు కూడా ఇలాగే పనిచేస్తుందా?

లేదు. కాంటాక్ట్ లెన్సు కన్నుతోపాటే కదులుతుంది కాబట్టి కిందికి చూసి వేరే పవర్ వాడుకోవడం మెత్తని లెన్సుల్లో కుదరదు. దూరం, దగ్గర పవర్లు రెండూ ఒకేసారి కంటిపాప ముందు ఉంటాయి. చాలా డిజైన్లలో నడుమ దగ్గరచూపు, చుట్టూ దూరచూపు. దగ్గరకు చూసేటప్పుడు కంటిపాప చిన్నదవుతుంది, అప్పుడు నడిమి భాగానికి ప్రాధాన్యం పెరుగుతుంది. ఏ బొమ్మ కావాలో మెదడు ఎంచుకుంటుంది.

శుక్లం ఆపరేషన్‌లో పెట్టే మల్టీఫోకల్ లెన్సులో ఆ వలయాలు ఏమిటి?

హెరాల్డ్ రిడ్లీ 1949లో లండన్‌లో మొదటిసారి కంటిలో కృత్రిమ లెన్సు అమర్చాడు. అది ఒకే పవర్ ఉన్నది. మల్టీఫోకల్ రకాల్లో ఎక్కువ భాగం కాంతి వివర్తనం మీద, అంటే సన్నని అంచుల దగ్గర కాంతి వంగి పరుచుకునే గుణం మీద, ఆధారపడతాయి. లెన్సు మీద ఒకే కేంద్రం చుట్టూ సన్నని మెట్లు చెక్కుతారు. వలయాల వ్యాసార్థాలు 1, 2, 3 అంకెల వర్గమూలాల నిష్పత్తిలో పెరుగుతాయి కనుక బయటికి వెళ్లేకొద్దీ అవి దగ్గరపడతాయి. యాడ్ 4.00కి, ఆకుపచ్చ కాంతికి లెక్కిస్తే మొదటి వలయం వ్యాసార్థం సుమారు అర మిల్లీమీటరు. కాంతిని రెండు కేంద్రాలకు సమంగా పంచడానికి మెట్టు ఎత్తు సుమారు రెండు మైక్రాన్లు చాలు.

ఒక కాలువ నీటిని రెండు మళ్లకు తిప్పినట్టే ఇది. పూర్తిగా సమంగా పంచే డిజైన్‌లో దూరానికి 41 శాతం, దగ్గరకు 41 శాతం కాంతి వెళ్తుంది, మిగిలిన 18 శాతం పనికిరాని కేంద్రాలకు చెదిరిపోతుంది. అందుకే ఒకే పవర్ ఉన్న లెన్సుతో పోలిస్తే కాంట్రాస్టు, అంటే వెలుగునీడల తేడా, తగ్గుతుంది. అమెరికాలో 2005లో అనుమతి పొందిన రెస్టార్ లెన్సులో నడిమి 3.6 మిల్లీమీటర్లలోనే 12 మెట్లు పెట్టి, వాటి ఎత్తును లోపలి నుంచి బయటికి 1.3 మైక్రాన్ల నుంచి 0.2కు తగ్గించారు. రాత్రి కంటిపాప పెద్దదైనప్పుడు బయటి భాగపు కాంతి అంతా దూరచూపుకే వెళ్లాలన్నది ఉద్దేశం. ఆ తరువాత వచ్చిన ట్రైఫోకల్ లెన్సులు కంప్యూటర్ దూరానికి కూడా కొంత వాటా ఇస్తాయి.

రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు తప్పవా?

ఈ రకంలో పూర్తిగా తప్పవు. దూరంగా వస్తున్న లారీ హెడ్‌లైటును చూసేటప్పుడు దగ్గరచూపు వాటా కాంతి రెటీనా మీద కేంద్రీకృతం కాక ఒక బిళ్లలా పరుచుకుంటుంది. ఆ బిళ్ల కోణం ఎంతో చెప్పాలంటే కంటిపాప వ్యాసాన్ని యాడ్‌తో గుణిస్తే చాలు. లెన్సులో 4.00 యాడ్ కళ్లజోడు స్థానంలో సుమారు 3.20కి సమానం, కంటిపాప 4 మిల్లీమీటర్లు తెరుచుకుంటే వలయం 0.7 డిగ్రీల వెడల్పు ఉంటుంది. పున్నమి చంద్రుడు సుమారు అర డిగ్రీ. యాడ్ తగ్గిస్తే వలయం చిన్నదవుతుంది, దగ్గరచూపు దూరం పెరుగుతుంది. చాలామందికి కొన్ని వారాలు, నెలల్లో మెదడు అలవాటుపడి వాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

రాత్రి డ్రైవింగే జీవనాధారమైనవారు, గ్లకోమా గానీ రెటీనా జబ్బు గానీ ఉన్నవారు, కార్నియా వంకరగా ఉన్నవారు ఈ లెన్సు పెట్టించుకోకపోవడమే మంచిది. మధుమేహం ఉన్నవారు ముందు రెటీనా పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే రేపు రెటీనా దెబ్బతింటే అప్పటికే తగ్గిన కాంట్రాస్టు ఇంకా తగ్గుతుంది.

అంటే ఒకే పవర్ లెన్సు పెట్టించుకున్నవారు నష్టపోయినట్టా?

ఎంతమాత్రం కాదు. మదురైలో 1992లో మొదలైన అరోల్యాబ్ తక్కువ ధరకు కంటి లెన్సులు తయారుచేయడంతో మన దేశంలో లక్షలమందికి చూపు తిరిగి వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం ఒకే పవర్ లెన్సులు. కాంతి అంతా ఒకేచోట చేరుతుంది కనుక దూరచూపు స్పష్టంగా ఉంటుంది. చదవడానికి మామూలు రీడింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే సరిపోతుంది. తెలంగాణలో 2018లో ప్రారంభించిన కంటి వెలుగు శిబిరాల్లో ఉచితంగా పంచినవాటిలో ఈ రీడింగ్ గ్లాసెస్ కూడా ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకోవడానికి అభ్యంతరం లేనివారు అప్పుచేసి మల్టీఫోకల్ వేయించుకోనక్కరలేదు.

కొత్త ప్రోగ్రెసివ్ జోడు సరిగ్గా అమర్చారో లేదో ఇంట్లో చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. లెన్సును దీపపు కాంతికి ఏటవాలుగా పట్టి నెమ్మదిగా తిప్పితే, మధ్యకు అటొకటి ఇటొకటి, ఒకదానికొకటి 34 మిల్లీమీటర్ల దూరంలో, రెండు సన్నని గుర్తులు కనిపిస్తాయి. కణత వైపు గుర్తు కింద యాడ్ చెక్కి ఉంటుంది. చీటీలోని సంఖ్యతో సరిచూడండి. జోడు పెట్టుకున్నప్పుడు రెండు గుర్తులనూ కలిపే ఊహాగీత నేలకు సమాంతరంగా ఉండాలి, వాలి ఉంటే లెన్సు తిరిగిపోయినట్టు. తరువాత జోడు పెట్టుకొని ఎదురుగా ఉన్న క్యాలెండరు చూడండి. స్పష్టత కోసం గడ్డం దించవలసి వస్తే ఫిట్టింగ్ ఎత్తు ఎక్కువైంది. చదవడానికి గడ్డం బాగా పైకెత్తవలసి వస్తే తక్కువైంది. పుస్తకాన్ని పక్కకు జరిపితే తప్ప అక్షరాలు కుదురుకోకపోతే పీడీ తప్పై ఉండవచ్చు. వారం రెండు వారాల వాడుక తరువాత కూడా ఇవి పోకపోతే దుకాణానికి వెళ్లి, ఫిట్టింగ్ గుర్తును లెన్సు మీద మళ్లీ గీయించి, మీరు జోడు పెట్టుకొని ఉండగానే అది కంటిపాప మధ్యలో పడుతోందో లేదో చూపించమని అడగండి.